సార్డీన్ల ఫ్యాక్టరీకి అమ్మతో

పోర్చుగల్ పల్లెటూరి జీవితం చూడాలని ఉందంటే లిస్బన్‌లో ఎవరైనా మొదట బెలెం వైపు చెయ్యి చూపిస్తారు. అక్కడ తేజో నది ఒడ్డున, నావికుల స్మారకానికి దగ్గర్లో, జానపద కళల మ్యూజియం ఉంది. 1940లో నియంత సలజార్ ప్రభుత్వం ఆ ఒడ్డున ‘పోర్చుగీసు ప్రపంచం’ అని బ్రహ్మాండమైన ప్రదర్శన పెట్టింది. అది ముగిశాక మిగిలిన కట్టడాల్లో ఒకదాన్ని సర్ది 1948లో మ్యూజియంగా తెరిచారు. దాని వెనక ఉన్న మనిషి ఆంటోనియో ఫెర్రో, ప్రభుత్వ ప్రచార శాఖ అధిపతి. ‘పోర్చుగల్‌లోకెల్లా అచ్చమైన పోర్చుగీసు ఊరు’ ఏదో తేల్చడానికి 1938లో పోటీ పెట్టించిన ఘనత కూడా ఆయనదే. కొండరాళ్ళ మధ్య ఇరుక్కుని ఉండే మొన్సాంతో అనే ఊరు గెలిచింది. బహుమతి వెండి కోడిపుంజు. దాని నకలు ఇప్పటికీ ఆ ఊరి గడియార స్తంభం మీద కూర్చుని ఉంటుంది.

ఆ మ్యూజియం అందంగానే ఉంటుంది. గోడల మీద పెద్ద పెద్ద చిత్రాలు, రంగు వేసిన కుండలు, బుట్టలు, ఎంబ్రాయిడరీలు. లిస్బన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను వెళ్ళి ఫొటోలు తీసుకుని బాగుందనుకునే వచ్చాను. ఆ ఫొటోలు చూసి ఆఫీసులో, దక్షిణాన అలెంతేజు అనే సీమలోని బేజా ప్రాంతపు పెద్దాయన ఒకరు పెదవి విరిచారు. “ఇందులో ఎవరికైనా చెమట పట్టినట్టు కనిపిస్తోందా? మీరు సెతూబల్ వెళ్ళండి. పని చేసినవాళ్ళ మ్యూజియం అక్కడ ఉంది” అన్నారు.

ఆ వేసవిలో అమ్మ వచ్చింది. మా నాన్న పోయిన తరువాత ఆమె చేసిన మొదటి దూర ప్రయాణం అది. లిస్బన్ ఆమెకు పెద్దగా ఎక్కలేదు. మెట్లూ ఎత్తుపల్లాలూ తప్ప ఊళ్ళో ఏముంది అనేది. ఒక్క చేపల బజారు మాత్రం నచ్చింది. జూన్ నెలంతా సందుసందునా బొగ్గుల మీద సార్డీన్లు కాలుస్తుంటారు. “ఇవి కవళ్ళే కదే” అని ఆమె మొదటి రోజే తేల్చేసి, చింతపండు వేసి పులుసు పెట్టింది. పై అంతస్తు వాళ్ళు వాసనకు కిందికి దిగివచ్చి గిన్నె పట్టుకెళ్ళారు. సార్డీన్లను డబ్బాల్లో పెట్టిన పాత ఫ్యాక్టరీ ఒకటి ఉంది, వస్తావా అంటే వెంటనే చీర మార్చుకుంది. మ్యూజియం అని ముందే చెప్పి ఉంటే వచ్చేది కాదేమో.

సెతూబల్‌కు లిస్బన్ నుంచి రైల్లో గంట లోపే. ఆ రైలు ఏప్రిల్ 25 వంతెన మీదుగా వెళుతుంది. 1966లో కట్టినప్పుడు దానికి సలజార్ పేరే పెట్టారు. 1974 ఏప్రిల్ 25న తిరుగుబాటు జరిగి నియంతృత్వం కూలాక ఆ తేదీనే పేరుగా మార్చారు. పైన కార్లు, కింద అంతస్తులో రైలు. ఆ రైలు పట్టాలు వచ్చింది మాత్రం 1999లో. దిగాక నడిచి వెళితే ఊరి మధ్య కూడలిలో బొకాజ్ అనే కవి విగ్రహం ఉంటుంది. ఆయన ఈ ఊళ్ళోనే పుట్టాడు. 1786లో నౌకాదళం తరఫున గోవాకు వచ్చి, అక్కడి దొరల మీద వెక్కిరింపు పద్యాలు రాసినవాడు. మన దేశం చూసిన మనిషి అని చెబితే అమ్మ ఒకసారి తల ఎత్తి చూసి, “చూసి ఏం చేశాడు?” అని ముందుకు నడిచింది.

మ్యూజియం ఊరికి తూర్పు వైపున, ఫొంతైన్హాస్ అనే పాత పేటలో ఉంది. బయటి నుంచి చూస్తే ఇప్పటికీ ఫ్యాక్టరీయే. కిందుగా సాదో నది సముద్రంలో కలిసే చోటు, దాని మీద ఎండ. పెరియెన్స్ అనే కంపెనీ వాళ్ళు ఇక్కడ చేపలు డబ్బాల్లో పెట్టేవారు. 1995 నుంచి అదే భవనం ‘మిషెల్ జాకొమెత్తి శ్రమ మ్యూజియం’. పేరులో ఉన్న ఆ మనిషి ఫ్యాక్టరీ యజమాని కాదు, కార్మిక నాయకుడూ కాదు. పాటలు పోగు చేసినవాడు.

ఆయన గురించి కొంచెం చెప్పాలి. మిషెల్ జాకొమెత్తి 1929లో కోర్సికా దీవిలో పుట్టాడు. 1959లో పోర్చుగల్ వచ్చి 1990లో కన్నుమూసేదాకా ఆ దేశాన్నే పట్టుకుని ఉండిపోయాడు. వచ్చిన మరుసటి ఏడాదే పోర్చుగీసు ధ్వని భాండాగారం మొదలుపెట్టి, రికార్డింగు యంత్రం మోసుకుంటూ పల్లెలు తిరిగాడు. తోడుగా ఫెర్నాందో లోపెస్ గ్రాసా అనే స్వరకర్త ఉన్నాడు. ప్రభుత్వానికి పడని మనిషి కావడంతో సంగీతం బోధించే హక్కు కూడా పోగొట్టుకున్నవాడు ఆయన. ఇద్దరూ కలిసి 1960 నుంచి 1970 వరకు, ఉత్తరాన త్రాస్ ఉష్ మోంతిష్ మొదలు దక్షిణాన అల్గార్వె దాకా, ప్రాంతానికొక్కటి చొప్పున అయిదు రికార్డులు విడుదల చేశారు. రేడియోలో అప్పటికి ‘జానపదం’ అంటే ఒకే రంగు దుస్తులు వేయించి, కుదురుగా వరస నేర్పించి పాడించే బృందాలు. ఈ ఇద్దరూ తెచ్చింది వేరు. ఎద్దుల్ని అదిలించే కేకలు, పిల్లల్ని పడుకోబెట్టే జోలలు, బొంగురు గొంతు ముసలమ్మలు. సార్డీన్ల వల లాగుతూ అల్గార్వె జాలరులు పాడే ‘లేవా లేవా’ పాట కూడా అందులో ఉంది. వినేటప్పుడు తాడు బిగుసుకోవడం, వదులు కావడం తెలుస్తుంది. 1970 నుంచి కొన్నేళ్ళు టెలివిజన్‌లో కూడా ఆయన ఈ పాటల కార్యక్రమం నడిపాడు.

పాటల మనిషి పేరు పనిముట్ల మ్యూజియానికి ఎలా వచ్చిందో అర్థం కావాలంటే 1975 వేసవిలోకి వెళ్ళాలి. తిరుగుబాటు జరిగి ఏడాది. విశ్వవిద్యాలయాలు కొత్త విద్యార్థులను తీసుకునే స్థితిలో లేవు. ఉన్నత పాఠశాల ముగించిన పిల్లలను ఒక ఏడాది ప్రజాసేవ చేయమన్నారు. జాకొమెత్తి దీన్ని ఒడిసిపట్టుకున్నాడు. వందకు పైగా విద్యార్థులను కూడగట్టి, నేర్పించి, జట్లు జట్లుగా పల్లెలకు పంపించాడు. పాటలు, సామెతలు, నాటు వైద్యం రాసుకురమ్మన్నాడు. దాంతోపాటు, జనం వాడే పనిముట్లు, వాడటం మానేసినవీ, అడిగి తెమ్మన్నాడు. పట్నం పిల్లలు పశువుల పాకల్లో, అటకల మీద వెతికి తెచ్చిన ఆ సామానే ఈ మ్యూజియానికి గుండెకాయ. చాలా ఏళ్ళు దానికి చోటు దొరకలేదు. 1987లో సెతూబల్‌లోనే ఒక ప్రదర్శన పెట్టారు. ఆ తరువాత ఊరి మునిసిపాలిటీ ఖాళీ అయిన ఈ ఫ్యాక్టరీ ఇచ్చింది.

ఈ కథంతా నేను దారిలోనే అమ్మకు చెప్పాను. ఆమె పట్టుకున్నది ఒక్కటే. “ఊరికే ఇచ్చేశారా, డబ్బు తీసుకున్నారా?”

పల్లె పనుల గదిలోకి అడుగు పెట్టేటప్పుడు నా మనసులో ఒక బొమ్మ ఉంది, ఒప్పుకుంటాను. అమ్మ ఒంగోలు పక్కన పొగాకు చేలల్లో పెరిగిన మనిషి. పదేళ్ళు నిండకముందే ఆకు కర్రలకు కట్టింది, పెళ్ళికి ముందు గ్రేడింగు షెడ్డులో కూర్చుంది. ఈ నాగళ్ళూ కొడవళ్ళూ చూడగానే ఆమె కళ్ళలో ఏదో మెరుస్తుందనీ, కబుర్లు పుట్టుకొస్తాయనీ, నేను ఫోను తీసి రికార్డు చేసుకోవచ్చుననీ అనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. కాడి ముందు ఒక నిమిషం నిలబడి, “చెక్కుడు బాగుంది, బరువెక్కువ. పాపం ఎద్దులు” అంది. రెండు కర్రలు తోలు పట్టీతో కలిపి కట్టిన కళ్ళం కర్ర, అడుగున రాతి పలుకులు దిగ్గొట్టిన నూర్పిడి పలక, ఇవన్నీ చూపించి ఎలా వాడతారో చదివి చెబుతుంటే, సినిమా కథ ముందే తెలిసినవాళ్ళలా వింది. “దుమ్ము కళ్ళల్లో పడుతుంది” అని మాత్రం అంది. ఆ మాట పక్కనున్న బోర్డు మీద లేదు.

ఆమెను ఆపింది బెరడు గొడ్డలి. అలెంతేజు మైదానాల్లో కార్కు చెట్లు ఎక్కువ. సీసా బిరడాలు చేసే కార్కు ఆ చెట్టు బెరడే. మొక్క నాటాక మొదటి ఒలుపుకు పాతికేళ్ళు ఆగాలి. ఆ తరువాత తొమ్మిదేళ్ళకు ఒకసారి ఒలుస్తారు. ఒలిచిన ఏడాది చివరి అంకె మాను మీద తెల్ల రంగుతో రాస్తారు, మరచిపోకుండా. గొడ్డలి అంచు బెరడు మందం దాకానే దిగాలి, లోపలి పొరకు తగిలితే చెట్టుకు దెబ్బ. పిడి చివర చీలికలా చదునుగా చెక్కి ఉంటుంది. దాన్ని బెరడు కింద దూర్చి మెల్లగా పెకలిస్తారు. పొలం పనులన్నిటిలోకీ దీనికే కూలి ఎక్కువ. ఇది విన్నాక అమ్మ మళ్ళీ వెనక్కి వెళ్ళి ఆ పిడి చివర చాలాసేపు చూసింది. “దీనికి పని నేర్పిన వాడు ఉండాలి” అంది. నాకు తెలిసి అమ్మ ఎవరినైనా ఇంతకంటే మెచ్చుకోవడం అరుదు.

ఇంకొంచెం ముందుకు వెళితే గాజు కింద వెదురులాంటి రెల్లు గొట్టాలు. వేలెడు పొడవు, ఒక కొస తెరిచి, ఇంకో కొస వాలుగా కోసి, పక్కన సన్నని తాడు. గోధుమ కోతలో స్త్రీలు ఎడమ చేతి వేళ్ళకు తొడుక్కునేవారు. ఎడమ చేత్తో కంకుల్ని గుప్పిట పట్టుకుని కుడి చేత్తో కొడవలి లాగేటప్పుడు వేళ్ళు తెగకుండా. దగ్గరగా వంగి చూస్తే గొట్టం మీద అడ్డంగా గాట్లు ఉన్నాయి. కొన్ని పైపైన గీసుకుపోయినవి, ఒకటి లోతుగా దిగింది. లోపలి అంచు వేలి రాపిడికి నున్నగా, నల్లగా మెరుస్తోంది. ఆ లోతు గాటు చూస్తే ఆ రోజు ఆ మనిషికి ఆ రెల్లు ముక్క ఎంత పని చేసి పెట్టిందో చెప్పనక్కర్లేదు.

అమ్మ తన ఎడమ చెయ్యి గాజు మీద పెట్టింది. చిటికెన వేలి మొదట్లో తెల్లటి మచ్చ. చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను, ఎప్పుడూ అడగలేదు. “మాకు ఇవి లేవు” అంది. “ఎవరికీ తోచలేదు చూడు. రెల్లు మన కాలవ గట్ల మీద లేదా?” బాధ కాదు అది. చిరాకు. ఇంత చవకైన వస్తువు తనకు అందలేదన్న చిరాకు.

ఆ కోతల్లో పాల్గొన్న స్త్రీలలో ఒకామె పేరు పోర్చుగల్‌లో అందరికీ తెలుసు. కతరీనా ఎవుఫేమియా. 1954 మే 19న బలైజావ్ అనే ఊరి దగ్గర, కోత కూలి పెంచమని అడగడానికి మరికొందరు స్త్రీలతో కలిసి వెళ్ళింది. చంటిబిడ్డ చంకలో ఉండగానే పోలీసు లెఫ్టినెంటు ఆమెను తుపాకితో కాల్చాడు. వయసు ఇరవై ఆరు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా పని అనే లెక్క 1962 దాకా నడిచింది. ఆ ఏడాది అలెంతేజు కూలీలు సమ్మెలు చేసి ఎనిమిది గంటల పనిదినం సాధించుకున్నారు. అప్పటికింకా సలజార్ ప్రభుత్వమే. బెలెం మ్యూజియం గోడ మీద బొమ్మల్లో ఈ సంగతులు ఉండే అవకాశమే లేదు కదా.

ఇక ఫ్యాక్టరీ. ఈ భాగానికి వాళ్ళు పెట్టిన పేరు ‘చేపల వేలం నుంచి డబ్బా దాకా’. సెతూబల్‌లో మొదటి ఆధునిక డబ్బా ఫ్యాక్టరీ 1880లో ఫ్రెంచివాళ్ళు పెట్టారు. వాళ్ళ బ్రిటనీ తీరంలో సార్డీన్లు కనబడకుండా పోవడంతో వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి సైనికులకు డబ్బా తిండి కావలసి వచ్చి గిరాకీ పెరిగింది. ఆ తరువాతి దశాబ్దంలో ఈ ఒక్క ఊళ్ళోనే వందకు పైగా ఫ్యాక్టరీలు. ఇరవయ్యో శతాబ్దం చివరికల్లా ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

యంత్రాలు ఉన్నచోటే ఉన్నాయి. చేప వచ్చాక తల, పేగు తీసి, ఉప్పునీళ్ళలో ఊరబెట్టి, కడిగి, తీగ జల్లెడల మీద పేర్చి, ఆవిరిలో ఉడికించేవారు. ఆరాక డబ్బాల్లో పేర్చి, నూనె పోసి, మూత బిగించి, మళ్ళీ ఆవిరి పాత్రల్లో వేడి చేస్తే చేప ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. మూత బిగించడం మొదట్లో సీసం అతికే మగవాళ్ళ పని. వాళ్ళు మంచి జీతగాళ్ళు, సంఘం ఉన్నవాళ్ళు. మూత మడిచి నొక్కే యంత్రం రాగానే వాళ్ళ బతుకు తలకిందులైంది. యంత్రాల మీద గొడవలు జరిగాయి. మిగిలిన పనులు, అంటే చేపలో చెయ్యి పెట్టే పనులు, ఆడవాళ్ళవి. యంత్రం వచ్చినా అవి ఆడవాళ్ళవే.

అక్కడి ఉద్యోగిని, వయసు మళ్ళిన ఆవిడ, మమ్మల్ని చూసి దగ్గరకు వచ్చింది. ఆమె అత్తగారు డబ్బా ఫ్యాక్టరీలో పని చేసిన మనిషట. నా పోర్చుగీసు అంతంతమాత్రమే అయినా ఆమె నెమ్మదిగా మాట్లాడింది. పడవలు ఎప్పుడొస్తే అప్పుడే పని. రాత్రి రెండు గంటలకు రావచ్చు, మధ్యాహ్నం రావచ్చు. పడవ రాగానే ఫ్యాక్టరీ కూత వేసేది. ఏ ఫ్యాక్టరీకి ఆ కూత వేరు. పేటలో ఆడవాళ్ళు నిద్రలోనే తమ కూత గుర్తుపట్టి లేచి, చీకట్లో చెప్పులు వెతుక్కుంటూ కొండ దిగేవారు. చేప అయిపోయేదాకా పని, చేప లేని రోజు కూలి లేదు.

నేను తెలుగులో చెబుతుండగానే అమ్మ ఆవిడ వైపు తిరిగి తెలుగులోనే మొదలుపెట్టింది. “మాకూ కంపెనీ కూత ఉండేదమ్మా. పొగాకు కంపెనీ. అది వేసేసరికి గేటు దగ్గర లేకపోతే ఆ పూట లేనట్టే. కర్రలకు ఆకు కట్టడం అయితే కర్రకు ఇంత అని. రాత్రికి చేతులు జిగురు పట్టి నల్లగా అయ్యేవి, అన్నం కలుపుకుంటే చేదు.” ఆవిడకు ఒక్క ముక్క అర్థమై ఉండదు. కానీ అమ్మ రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్ళు రుద్దుకుని, వాసన చూసుకుని ముఖం చిట్లించింది. ఆవిడ పకపక నవ్వి, తన చేతులు కూడా ముక్కు దగ్గర పెట్టుకుని, “సార్డీన్యా” అంది. అత్తగారి చేతుల వాసన ఎన్ని నిమ్మకాయలు రుద్దినా పోయేది కాదట. తరువాత ఖాళీ డబ్బా ఒకటి తీసి, చేపలు లేకుండానే పేర్చి చూపించింది. ఒక దాని మెడ ఇటు, పక్కదాని మెడ అటు, తోకలు ఇరుక్కునేలా. ఆమె బొటనవేలు ప్రతి చేపనూ కొంచెం నొక్కి వదిలేది. లేని చేప డబ్బాలో కనబడింది నాకు.

కూలి ఎంత అని అమ్మ అడగమంది. మగవాళ్ళకంటే తక్కువ అని ఆవిడ చెప్పింది. “అది అడగకుండానే తెలుసులే” అంది అమ్మ.

ఈ ఊళ్ళో ఆ కూలి కోసం కూడా ప్రాణాలు పోయాయి. 1910 అక్టోబరులో రాచరికం పోయి గణతంత్రం వచ్చింది. అయిదు నెలలు దాటాయో లేదో, 1911 మార్చి 13న, కూలి పెంచమని సమ్మె చేస్తున్న డబ్బా ఫ్యాక్టరీ కార్మికుల మీద ఇక్కడే కాల్పులు జరిగాయి. మరియానా తోరెస్ అనే కార్మికురాలు, ఆంటోనియో మెందెస్ అనే యువకుడు చనిపోయారు. కొత్త ప్రభుత్వం మీద పెట్టుకున్న ఆశలు కార్మికులకు ఆ రోజుతో చాలావరకు అడుగంటాయని చెబుతారు.

అన్నిటికంటే అమ్మ ఎక్కువసేపు గడిపింది మాత్రం కిరాణా కొట్టులో. లిస్బన్‌లో లిబెర్దాదె అనే పెద్ద వీధి ఉంది. ఆ వీధిలో ఉన్న పాత కొట్టును బీరువాలూ బల్లలూ సొరుగులతో సహా ఊడదీసి తెచ్చి ఇక్కడ బిగించారు. చీకటి రంగు కలప, గాజు తలుపులు, ఎత్తైన అరలు, సామాను డబ్బాలు, తూకం కాటా. నాకు అందంగా కనిపించింది. అమ్మ ఆ అందం జోలికి పోలేదు. కాటా ఏ వైపు వాలి ఉందో వంగి చూసింది. కొట్టువాడు ఎక్కడ నిలబడతాడు, కొనేవాళ్ళకు ముల్లు కనబడుతుందా అని రెండు వైపుల నుంచీ లెక్క వేసింది. “కనబడుతుంది. పరవాలేదు” అని తీర్పు ఇచ్చింది. ఖాతా పుస్తకం ఎక్కడ పెట్టేవాడో కనుక్కోమని నన్ను ఉద్యోగిని దగ్గరకు రెండుసార్లు పంపింది. పూర్వం అక్కడి కొట్లలోనూ వారానికో నెలకో తీర్చే అరువు పద్దులు మామూలే. ఆ మాట చెప్పగానే “ఊఁ” అని సొరుగుల వైపు అనుమానంగా చూసింది.

బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. సెతూబల్‌లో నూనెలో వేయించిన కటిల్‌ఫిష్ ప్రసిద్ధి. రేవు దగ్గర చిన్న హోటల్లో అదే తెప్పించాను. అది వచ్చేలోగా ఫోనులో జాకొమెత్తి రికార్డు చేసిన అలెంతేజు పాట పెట్టాను. ఆ పాటల పద్ధతి వేరుగా ఉంటుంది. వాయిద్యం లేదు. ఒకరు ఎత్తుకుంటారు, ఇంకొకరు పై స్థాయిలో అందుకుంటారు, తరువాత అందరూ కలుస్తారు, ఒక్కో అక్షరాన్ని సాగదీసుకుంటూ. 2014లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. కోత కోసే వాళ్ళ పాటలమ్మా ఇవి, విను, అన్నాను.

అమ్మ కళ్ళు మూసుకుంది. ఇక ఇప్పుడు ఏదైనా అంటుందని ఎదురు చూశాను. పాట సగంలో కళ్ళు తెరిచి, “కోసేటప్పుడు పాడింది కాదే ఇది” అంది.

“కాదేమిటి? పెట్టె మీద రాసి ఉంది.”

“ఏమైనా రాసుకోనీ. ఇంత నెమ్మదిగా పాడితే చెయ్యి ఆడుతుందా? వంగి కోసే మనిషికి ఇంత ఊపిరి ఎక్కడిది? గుత్తకు కోసేవాళ్ళయితే అసలు నోరే విప్పరు. ఇది నడుస్తూ పాడింది. పోయేటప్పుడో, వచ్చేటప్పుడో.”

నేను వాదించాను. జాకొమెత్తిని, విద్యార్థులను, యునెస్కోను అందరినీ సాక్ష్యం తెచ్చాను. అమ్మ కటిల్‌ఫిష్ మీద నిమ్మకాయ పిండుకుంటూ ఉండిపోయింది. సోమవారం ఆఫీసులో మా బేజా పెద్దాయనకు ఈ గొడవ చెప్పాను. ఆయన నవ్వారు. పొలంలోనూ పాడేవాళ్ళు గానీ, వాళ్ళ నాయనమ్మ చెప్పినదాని ప్రకారం ఎక్కువ పాటలు పొలానికి వెళ్ళే దారిలోనివీ, పొద్దు గుంకాక ఊరికి తిరిగి వచ్చే దారిలోనివీ అట. మగవాళ్ళయితే సారాయి కొట్టులో పాడేవాళ్ళు. చేతులు కలుపుకుని, వరసగా, అడుగు అడుగుకీ ఊగుతూ నడిచే నడక తాళమే అది. “మీ అమ్మగారిని ఒకసారి మా ఊరికి తీసుకురండి” అన్నారు. తీసుకెళ్ళలేకపోయాను. తరువాత నేనొక్కదాన్నే పెరోగ్వార్దా వెళ్ళాను. జాకొమెత్తి సమాధి ఆ ఊళ్ళోనే ఉంది. కోర్సికాలోనూ కాదు, లిస్బన్‌లోనూ కాదు, తాను పాటలు రికార్డు చేసిన ఆ అలెంతేజు పల్లెలోనే పూడ్చమని అడిగాడట. చిన్న ఊరు, తెల్ల గోడలు, మిట్టమధ్యాహ్నం ఒక్క మనిషి లేడు. చూసి వచ్చేశాను.

మా తరానికి పాత పనుల మీద బెంగ ఎక్కువ. రోలు కనబడితే ఫొటో, తిరగలి కనబడితే హాల్లో అలంకారం. ఆ పని చేసినవాళ్ళకు పని మీద బెంగ లేదని అమ్మను చూశాకే నాకు తెలిసింది. ఆమెకు గుర్తున్నవి దుమ్ము, కూత, కర్ర లెక్క. కానీ గేటు దగ్గర ఎవరి పక్కన నిలబడేదో, ఎవరు దారిలో నవ్వించేవారో అడిగితే గంటసేపు చెబుతుంది. ఆ కబుర్లను మాత్రం సెతూబల్ నుంచి తిరిగి వచ్చే రైల్లో, వంతెన దాటేదాకా, ఆపకుండా చెప్పింది. నేను ఫోను తీయలేదు. బ్యాటరీ అయిపోయింది మరి.

నేను హైదరాబాదు వచ్చేసి చాలా కాలమైంది. అమ్మ ఒంగోలులోనే, పెద్దన్నయ్య దగ్గర. పోర్చుగల్ గురించి చుట్టాలకు ఏం చెబుతుందా అని ఒకసారి పెళ్ళిలో పక్కన కూర్చుని విన్నాను. బెలెం లేదు, వంతెన లేదు, సముద్రం లేదు. కవళ్ళు డబ్బాలో ఎలా పేరుస్తారో పిన్నికి చేతులతో చూపిస్తోంది. మెడ ఇటు, మెడ అటు, బొటనవేలితో చిన్న నొక్కు.

ఇదంతా రాశాక నిన్న రాత్రి ఫోనులో ఆమెకు చదివి వినిపించాను. కతరీనా దగ్గర ఒకసారి ఆపి మళ్ళీ చదివించుకుంది. బిడ్డ ఏమైంది అని అడిగింది. బతికిందని చెప్పాను. మిగతాదంతా మాట్లాడకుండా వింది. అయ్యాక, “కొట్టు సంగతి తక్కువ రాశావే” అంది.

“ఇంకేం రాయమంటావమ్మా?”

“అంత కొట్టూ ఊడదీసి పట్టుకొచ్చారు కదా. మరి ఖాతా పుస్తకంలో బాకీలు వసూలయ్యాయా, లేదా?”